‘గిల్లకు’ అంటే అది వైద్యం కాదు

పోయిన నెల ఇంటర్నల్ పరీక్షలో నా జవాబు పత్రం మూలన ఎర్రటి చుక్క పడింది. ఇన్విజిలేషన్‌కి వచ్చిన మేడమ్ చూసి, “ఏం తగిలిందమ్మా?” అన్నారు. “దోమ కుట్టిందండీ” అన్నాను. దోమా లేదు, ఏమీ లేదు. రెండో ప్రశ్నకి జవాబు గుర్తుకు రాక ఆలోచిస్తుంటే, నా ఎడమ చెయ్యి దానంతటది మెడ మీద పక్కును గిల్లి లేపేసింది. రక్తం వేలికి తడి తగిలాక గానీ నాకు తెలియలేదు.

మొటిమ కనిపిస్తే గిల్లుతాను. అది పుండవుతుంది. పుండు మానుతూ పక్కు కడుతుంది. ఆ పక్కును మళ్ళీ గిల్లుతాను. తొమ్మిదో తరగతి నుంచీ ఇదే వరస. ఏప్రిల్ ఎండలో కూడా నిండు చేతుల కుర్తా, మెడకి చుట్టుకున్న చున్నీ ఎందుకని మీలో చాలామంది అడిగారు. ఫ్యాషన్ అన్నాను. పోయిన ఏడాది ఉగాది కార్యక్రమంలో కోలాటం నుంచి తప్పుకున్నది కూడా కాలు నొప్పి వల్ల కాదు. ఆ జాకెట్టుకి చేతులు పొట్టిగా ఉన్నాయి, అంతే.

మా ఇంట్లో రెండు భాషలు. అమ్మ తెలుగులో “గిల్లొద్దని ఎన్నిసార్లు చెప్పాలే నీకు!” అంటుంది. నాన్నగారి అమ్మ, మా అజ్జి, కన్నడంలో “కెర్కోబేడ కణే” అంటుంది. రెండు భాషల్లోనూ మందు ఒక్కటే: తిట్టు. తర్వాత పసుపు, వేపాకు, ఆ తర్వాత చర్మం డాక్టరు. ఆయన రాసిచ్చిన ఆయింట్‌మెంట్ పుండును మాన్పింది. చేతిని మాన్పలేదు. మానిన చోటే మళ్ళీ గిల్లాను.

ఇంతకీ నా అభిప్రాయం ఇది. గిల్లుకోవడం ఆగనివాళ్ళకి ‘గిల్లకు’ అని చెప్పడం వైద్యం కాదు. పైగా అది హాని చేస్తుంది. తిట్టు తిన్న మనిషి సిగ్గుపడుతుంది, సిగ్గుతో తలుపు వేసుకుంటుంది, తలుపు వెనక అద్దం ఉంటుంది. నా విషయంలో ఎక్కువ పుండ్లు అద్దం ముందే పుట్టాయి.

ఇది ఈ కాలం పిల్లల సోకు కాదు. ఇంగ్లండుకు చెందిన చర్మవైద్యుడు ఎరాస్మస్ విల్సన్ 1875లోనే దీని గురించి రాసి పేరు పెట్టాడు. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన గ్రంథంలో దీన్ని ప్రత్యేక రుగ్మతగా చేర్చింది. 2022 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలోనూ ఉంది. “అందరూ గిల్లుకుంటారు కదా, అదీ రోగమేనా?” అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. మొటిమ కనపడితే చెయ్యి పోవడం రోగం కాదు. పుండ్లు పడుతున్నా, మానాలని మళ్ళీ మళ్ళీ ప్రయత్నించినా మానలేకపోతే, దానివల్ల చదువుకో నలుగురిలో తిరగడానికో అడ్డం వస్తే, అప్పుడది రుగ్మత. గజ్జి లాంటి చర్మవ్యాధి వల్ల వచ్చే దురద కాదని ముందు డాక్టరు తేల్చాలి. చీము పట్టినా, జ్వరం వచ్చినా చర్మం డాక్టరు దగ్గరికే పోవాలి. కానీ అక్కడే ఆగిపోకూడదు.

తర్వాత ఎక్కడికి? వేసవి సెలవుల్లో అమ్మని ఒప్పించి ఒక సైకాలజిస్టు దగ్గరికి వెళ్ళాను. ఆవిడ మొదటిరోజు నా చేతులు చూసి “అయ్యో” అనలేదు. ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకోమన్నారు. గిల్లిన ప్రతిసారీ సమయం, చోటు, అప్పటి మనసు రాయాలి. ఒక్క వారానికే అర్థమైంది: బాత్రూం అద్దం, రాత్రి చదువు, ఫోన్‌లో ఏదో చూస్తూ పడుకోవడం, ఈ మూడే నా చోట్లు.

ఈ పద్ధతిని అలవాటు మార్పు శిక్షణ అనుకోవచ్చు. 1973లో అజ్రిన్, నన్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు రూపొందించారు. ఇందులో ముఖ్యంగా మూడు పనులు. ఒకటి, చెయ్యి ఎప్పుడు లేస్తోందో కనిపెట్టడం. రెండు, లేచిన చేతికి గిల్లడానికి వీలులేని వేరే పని ఇవ్వడం. నేను పిడికిలి బిగించి మనసులో వేమన పద్యాలు చెప్పుకుంటాను. నాలుగు పద్యాలు అయ్యేసరికి నిమిషం దాటుతుంది, కోరిక కొంచెం దిగుతుంది. మూడు, దగ్గరివాళ్ళ తోడు. వీటితోపాటు చుట్టూ ఉన్నవి మార్చుకోవడం కూడా ఉంది: గోళ్ళు పొట్టిగా కత్తిరించడం, పక్కు మీద బ్యాండేజీ వేయడం, అద్దం దగ్గర తక్కువ వెలుతురు బల్బు పెట్టడం.

“మాత్ర లేదా?” అని అజ్జి అడిగింది. ఇదొక్కదానికే అని ఆమోదం పొందిన మాత్ర ఏదీ అమెరికా మందుల సంస్థ జాబితాలో లేదు. కుంగుబాటుకి వాడే కొన్ని మందులు కొందరికి పనిచేస్తాయి, కొందరికి చేయవు. కఫం పలచబడటానికి ఇచ్చే ఎన్-ఎసిటైల్ సిస్టీన్‌ని అమెరికాలో 12 వారాలు పరీక్షించి 2016లో ఫలితాలు ప్రచురించారు. చివరిదాకా ఉన్నవాళ్ళలో, మందు తీసుకున్న 32 మందిలో 15 మందికి బాగా తగ్గింది. ఉత్తుత్తి మాత్ర తీసుకున్న 21 మందిలో నలుగురికి తగ్గింది. ఆశ ఉంది, కానీ 17 మందికి అంతగా తగ్గలేదన్నది కూడా చదవాలి. కాబట్టి ఏ మందైనా మానసిక వైద్యులు ఇస్తేనే. మెడికల్ షాపులో అడిగి కొనుక్కునేది కాదు.

నాకు పూర్తిగా తగ్గిందా? లేదు. నోటుపుస్తకం ప్రకారం మొదటి వారం 61 సార్లు. పరీక్షల ముందు వారం 14. పరీక్షల వారం మళ్ళీ 30 దాటింది. మునుపైతే ఆ అంకె చూసి అన్నీ వదిలేసేదాన్ని. ఇప్పుడు మళ్ళీ మొదటి పని నుంచి మొదలుపెట్టాను.

మన డిపార్ట్‌మెంటును అడిగేవి మూడు. మేడమ్‌లకు మనవి: క్లాసులో ఎవరైనా చేతిలో చిన్న రబ్బరు బంతో, దారప్పోగో పెట్టుకుంటే ఆట అనుకోకండి. ఆ చెయ్యి పాఠం వినడానికే అవస్థ పడుతుండొచ్చు. స్నేహితురాళ్ళకు: “ముఖం మీద ఏంటే అది?” అనకండి. నా పక్కన కూర్చునే అమ్మాయికి మాత్రమే ఈ సంగతి తెలుసు. నా చెయ్యి మెడ మీదికి పోతే తను పెన్నుతో బెంచీ మీద రెండుసార్లు తడుతుంది. మాట లేదు, ఎవరికీ తెలియదు. ఎన్నేళ్ళ తిట్లూ చేయలేని పని ఆ పెన్ను చేస్తోంది. మూడోది కాలేజీకి: పరీక్షల టైంటేబుల్ పక్కనే టెలి మానస్ నంబరు 14416 కూడా అంటించండి. 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత సేవ అది. రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులోనూ కన్నడంలోనూ మాట్లాడొచ్చు. డాక్టరు దగ్గరికి తీసుకుపోయే అమ్మ అందరికీ ఉండకపోవచ్చు.

మొటిమ, పొక్కు, పుండు, పక్కు, మచ్చ. చర్మం మీద జరిగే ప్రతిదానికీ మనకి మాట ఉంది. మానబోయే పుండును మాననివ్వని చేతికి మా ఇంట్లో మాత్రం ఒకటే మాట ఉండేది, ‘చెడ్డ అలవాటు’. మొన్న అమ్మ మా పిన్నితో ఫోన్‌లో “దానికి గిల్లుకునే జబ్బు ఉంది, చూపిస్తున్నాం” అంది. జబ్బు అన్న మాట వింటే బాధ వేస్తుందనుకున్నాను. తేలికనిపించింది.

ఆ రోజు అడిగిన మేడమ్ ఇది చదువుతారని తెలుసు. క్షమించండి మేడమ్, దోమ కాదు. ఇంకోసారి అడిగితే నిజమే చెప్తాను.

— ద్వితీయ సంవత్సరం బి.ఎ. విద్యార్థిని