రిఫరెన్స్ పుస్తకాలు మన పిల్లల చేతికి రావాలి

ఎంసీఏలో నన్ను మొదట ఆపింది ఒక రబ్బరు స్టాంపు. 'రిఫరెన్స్ మాత్రమే' అని. సిల్బర్‌షాట్జ్, కోర్త్, సుదర్శన్ రాసిన 'డేటాబేస్ సిస్టమ్ కాన్సెప్ట్స్' మా కాలేజీ లైబ్రరీలో ఒకే కాపీ ఉండేది. బయటికి ఇవ్వరు. క్లాసులు నాలుగున్నరకి అయిపోతే, లైబ్రరీ ఐదింటికి మూసేవారు. డబ్బున్నవాళ్లు కొనుక్కున్నారు. సంక్షేమ హాస్టల్లో ఉండే మాకు మిగిలింది జిరాక్స్ షాపు నోట్సు.

ఆ నోట్సుతో పరీక్షలు పాసయ్యాను. నార్మలైజేషన్ నిర్వచనం ఇప్పటికీ అప్పజెప్పగలను. కానీ తొలి ఇంటర్వ్యూలో ఒక టేబుల్ చూపించి, దీన్ని ఎందుకు విడగొట్టాలో చెప్పమంటే నోరు పెగల్లేదు. 'ఎందుకు' అన్నది ఆ నోట్సులో ఎక్కడా లేదు.

తర్వాత కోఠి ఫుట్‌పాత్ మీద ఆ పుస్తకం పాత ఎడిషన్ కొన్నాను. పక్కన నిఘంటువు పెట్టుకుని రోజుకి రెండు పేజీలు చదివాను. పోస్ట్‌గ్రెస్ ఉచితం, దాని మాన్యువల్ కూడా ఉచితమే. చదివిన ప్రతి ఉదాహరణనీ అందులో టైపు చేసి చూసేవాణ్ణి. అలా ఒకరోజు 'నల్' దగ్గర ఆగిపోయాను.

విద్యార్థుల టేబుల్లో 'స్కాలర్‌షిప్ స్థితి' అనే కాలమ్ ఉందనుకోండి. కొందరికి 'అందింది', కొందరికి 'అందలేదు', కొందరి గడి ఖాళీ. ఆ ఖాళీయే నల్. స్థితి 'అందింది'కి సమానమైనవాళ్లని అడిగితే వీళ్లు రారు. సమానం కానివాళ్లని అడిగినా రారు. నల్‌తో ఏ పోలిక చేసినా ఫలితం నిజమూ కాదు, అబద్ధమూ కాదు, 'తెలియదు' అంతే. కంప్యూటర్ ఏ ఎర్రర్ చూపదు. రెండు జాబితాల్లోనూ లేకుండా ఆ పిల్లలు మాయమైపోతారు. రిపోర్టు మాత్రం శుభ్రంగా ప్రింటవుతుంది.

వీడియోలున్నాయి, ఏఐ కోడ్ రాసిపెడుతోంది, ఈ లావు పుస్తకాలెందుకని నా విద్యార్థులు అడుగుతుంటారు. క్వెరీ రాయడం వీడియో చూసి నేర్చుకోవచ్చు. ఎర్రర్ రాకుండానే తప్పు జవాబు వచ్చినప్పుడు దాన్ని పట్టుకోవాలంటే మూలం తెలియాలి. 1970లో ఎడ్గర్ కాడ్ రిలేషనల్ మోడల్‌ని ప్రతిపాదించినప్పటి నుంచీ ఈ విద్య పునాది పెద్దగా మారలేదు. ఒకసారి సరిగ్గా చదివితే ఉద్యోగ జీవితమంతా పనికొస్తుంది.

ఇది ఉద్యోగాలతోనే ఆగే విషయం కూడా కాదు. 2011 సామాజిక, ఆర్థిక, కుల గణన సంగతి చూడండి. 1931లో నమోదైన కులాలు 4,147 అయితే, 2011లో 46 లక్షలకు పైగా కులాల పేర్లు వచ్చాయని, ఆ వివరాలు వాడుకోదగ్గవి కావని కేంద్రం 2021లో సుప్రీంకోర్టుకి చెప్పింది. ఒకే కులాన్ని రకరకాల స్పెల్లింగులతో రాశారు. డేటాబేస్ చదివినవాళ్లు ఈ జబ్బుని వెంటనే గుర్తుపడతారు. ముందు ఒక ప్రామాణిక జాబితా టేబుల్ ఉండాలి, ప్రతి నమోదూ ఫారిన్ కీతో దానికి ముడిపడాలి. అయితే ఆ జాబితా ఎవరు తయారు చేస్తారు? ఏ ఉపకులం విడిగా కనిపిస్తుంది, ఏది 'ఇతరులు'లో కలిసిపోతుంది? ఇవి సాంకేతిక ప్రశ్నల్లా కనిపించే రాజకీయ ప్రశ్నలు. రాబోయే జనగణనలో కులాన్ని లెక్కిస్తామని కేంద్రం 2025 ఏప్రిల్‌లో ప్రకటించింది. కాలమ్‌లు నిర్ణయించే గదిలో మనవాళ్లు లేకపోతే, లెక్క తేలాక రోడ్డెక్కడమే మిగులుతుంది.

అందుకే నేను అడిగేవి చిన్న కోరికలే. రిఫరెన్స్ పుస్తకాన్ని రాత్రికి ఇచ్చి పొద్దున తీసుకోండి. ఎస్సీ, ఎస్టీ బుక్ బ్యాంకులున్న చోట పాత గైడ్ల బదులు ఈ పుస్తకాలు కొనండి. అధ్యాపక మిత్రులారా, ప్రైమరీ కీని ప్రైమరీ కీ అనే అనండి, కానీ అదెందుకో తెలుగులో చెప్పండి. హాస్టళ్లలో సీనియర్లు వారానికో అధ్యాయం జూనియర్లతో కూర్చుని చదవండి.

పుస్తకాల కోసం రాజగృహ కట్టుకున్న మనిషి వారసులం మనం. ఒక్క రబ్బరు స్టాంపు దగ్గర ఆగిపోకూడదు.