చలి ఉదయం కారు ఎందుకు కీచుమంటుంది?

పుష్యమాసంలో తెల్లవారుజామున చలి వణికిస్తుంది. ఆదిలాబాదు వైపు ఒక్కొక్క రాత్రి 10 డిగ్రీలకన్న తక్కువకు దిగుతుంది కూడాను. అటువంటి ఉదయం కారు స్టార్టు చెయ్యగానే, ముందునుంచి చెవులు చిల్లులుపడేటట్టు "కీచ్" మని ఒక కేక వినిపించటం కద్దు. కాసేపటికి అది తనంతట తనే ఆగిపోతుంది. కారుకు జలుబు చేసిందని చమత్కరించేవాళ్ళున్నారు. కాని ఆ కేక పెట్టేది ఇంజను కాదు, దాని పక్కన తిరిగే రబ్బరు బెల్టు.

ఈ బెల్టు పుల్లీలమీదుగా పోతూ, విద్యుత్తు తయారుచేసే ఆల్టర్నేటరును తిప్పుతుంది. చాలా కార్లలో ఇంజనును చల్లబరిచే నీళ్ళపంపును కూడా అదే తిప్పుతుంది.

స్టార్టు చేసేటప్పుడు బ్యాటరీ క్షణాలలో చాలా శక్తి ఖర్చుపెడుతుంది. ఇంజను అందుకోగానే ఆ లోటు తీర్చే పని ఆల్టర్నేటరుమీద పడుతుంది. మీ తాతయ్యల కాలంలో సైకిళ్ళకు డైనమోలుండేవి. దీపం వెలగాలంటే పెడలు మరింత గట్టిగా తొక్కవలసివచ్చేది. ఆల్టర్నేటరు సంగతీ అంతే: ఎక్కువ విద్యుత్తు ఇయ్యవలసివచ్చినకొద్దీ తిరగటానికి మొరాయిస్తుంది. దాని పుల్లీ చిన్నది గనక బెల్టుకు పట్టు దొరికే చోటూ తక్కువే. అసలే చలికి రబ్బరు బిరుసెక్కి ఉంటుంది. పైన మంచు తడి. అంచేత బెల్టు జారుతుంది.

జారితే శబ్దమెందుకు రావాలి? ఇక్కడే ఉంది తమాషా. ఒక స్టీలు పళ్ళాన్ని సబ్బుతో శుభ్రంగా తోమి, కడిగి, తడిగా ఉండగానే బొటనవేలితో గట్టిగా రుద్దండి. కీచుమంటుంది. వేలు ఒక్క ఊపున జారిపోదు. పట్టుకుంటుంది, జారుతుంది, మళ్ళీ పట్టుకుంటుంది. సెకనుకు కొన్ని వందలసార్లు ఇలా జరిగేసరికి అదురు పుట్టి శబ్దమవుతుంది. అదే వేలికి నూనె రాసి రుద్దితే చడీచప్పుడూ ఉండదు, పట్టే లేదు గనక. ఫిడేలు విద్వాంసులు కమానుకు జిగురుముద్ద రాసేది కూడా ఈ పట్టూవిడుపుల కోసమే.

బెల్టు కొంతసేపు తిరిగేసరికి వేడెక్కి మెత్తబడుతుంది, తడి ఆరుతుంది, బ్యాటరీ ఆకలీ కొంత తీరుతుంది. కేక ఆగుతుంది.

ఇంజను వేడెక్కినా ఆగకపోతే మాత్రం బెల్టు వదులైందనో, అరిగిందనో, పుల్లీలు ఒక వరసలో లేవనో అనుమానించాలి. వెనకటి బెల్టులు పాతబడితే బీటలు వేసేవి. ఇప్పటి రబ్బరు బీటలు వెయ్యకుండానే అరుగుతుంది, అందుచేత కంటికి బాగున్నదని నమ్మరాదు. మెకానిక్కుకు చూపించమని నాన్నగారితో చెప్పండి. దారిలో బెల్టు తెగితే బ్యాటరీకి విద్యుత్తు అందదు. నీళ్ళపంపు కూడా ఆ బెల్టుమీదే ఉంటే, కొద్దిసేపట్లో ఇంజను కాగిపోతుంది. అప్పుడు బండిని పక్కకు తీసి ఆపెయ్యాలి, ఇల్లు దగ్గరే గదా అని నడపకూడదు.

మీలో కొందరికి బానెట్టు ఎత్తి ఆ బెల్టును చూడాలనిపిస్తుంది. తప్పక చూడండి, ఇంజను ఆపి, తాళంచెవి పెద్దవాళ్ళ చేతిలో ఉన్నప్పుడు. తిరిగే బెల్టు దగ్గరికి వేలుగాని, జడగాని, ఓణీ కొంగుగాని పోతే రెప్పపాటులో లాక్కుపోతుంది. కొన్ని కార్లలో ఇంజను ఆపిన తరవాత కూడా ఫాను ఉన్నట్టుండి తిరుగుతుంది. దానికీ దూరంగానే నిలబడండి.