తూము కాపరి పెత్తనము

ఘనపురం ఆనకట్ట మంజీర నీటిని మహబూబు నహరు, ఫతే నహరు కాలువల ద్వారా మెదకు సీమ పొలములకు పంచుచున్నది. ఆయకట్టు రైతును పట్టుకొని తూము కాపరి “నీ నాగలి ఏ కమ్మరి చేసినది? మావాడు చేసినది కానిచో నీరు విడువను” అనిన యెడల ఊరు ఊరకుండునా? పొలమున చెల్లని యీ న్యాయము నేడు ఇంటి తెరపై చెల్లుచున్నది.

అమెరికాలో కాంకాస్టు అను కేబులు సంస్థ హెచ్.బి.ఓ. చానెలుకు చందా పుచ్చుకొనియు, ఆ చందాదారులు రోకు అను పెట్టెపై హెచ్.బి.ఓ. గో యాప్ తెరచుటకు చిరకాలము అనుమతి నీయలేదు. 2014 డిసెంబరులో గాని ఆ తలుపు తీయలేదు. ఇది యంత్రలోపము కాదు. ఇతర కేబులు సంస్థల చందాదారులకు అదే పెట్టెపై అదే యాప్ పని చేయుచునే యుండెను. “ఇతడు మా చందాదారుడే” యని ధ్రువపరచవలసినవారు ధ్రువపరచకుండుటయే అడ్డు.

మన దేశమున నెట్‌ఫ్లిక్సు 2019 జూలైలో రూ. 199కి ఫోను, టాబ్లెట్టులకు మాత్రమే పరిమితమైన చందా పెట్టి, 2021 డిసెంబరులో దానిని రూ. 149కి తగ్గించెను. ధర తగ్గినది గనుక పేదకు మేలే కదా యని కొందరందురు. ముందుగా విప్పి చెప్పి, తక్కువ ధరకు తక్కువ సరకు అమ్ముటను మేమును తప్పు పట్టము. కాని పూర్తి వెల చెల్లించినవానిని మధ్యనున్న వాహకుడు ఆపుట వ్యాపారము కాదు, పెత్తనము.

ట్రాయి 2016 ఫిబ్రవరి 8న విషయమును బట్టి డేటా ధర మార్చుటను నిషేధించినది. 2018 జూలైలో కేంద్ర ప్రభుత్వము నెట్ సమానత్వమును అంగీకరించినది. అయితే ఈ నియమములు ఇంటర్నెట్ మోయువానికే గాని యాప్ యజమానికి వర్తింపవు. సెట్‌టాప్ పెట్టె ఏ సంస్థకైనను పనికివచ్చునట్లుండవలెనని 2020 ఏప్రిలులో ట్రాయి సిఫారసు చేసినది. ఆ మాట కాగితము దిగి ఇంటింటికి రావలసియున్నది. ఇంతలో 2024 నవంబరున రిలయన్సు, డిస్నీ సంస్థల వినోద వ్యాపారములు ఏకమై, 2025 ఫిబ్రవరిలో జియోహాట్‌స్టార్ వెలసినది. బాట గలవాడే అంగడి గలవాడయ్యెను. ఇట్టి వేళ కాపలా మరింత అవసరము.

ఇది వినోదపు తగవు మాత్రమే కాదు. 2014 జూనులో తెలంగాణమునను, 2024 జూనులో ఆంధ్రప్రదేశమునను కేబులువారు కొన్ని వార్తా చానెళ్లను నిలిపివేసిన సంగతి పాఠకులెరుగుదురు. నేడు సినిమాను ఆపగల చేయి రేపు వార్తను ఆపగలదు.

బీడీలు చుట్టి కూడబెట్టిన సొమ్ముతో చందా కట్టిన తల్లి, తన యింటి తెరపై అది ఏల రాదో తెలిసికొన హక్కు గలది. కావున ఏ పరికరములపై చూడవచ్చునో చందా పుచ్చుకొనుటకు ముందే తెలుగులో చెప్పవలెను. పూర్తి వెల కట్టినవానికి పరికరభేదము చూపరాదు. చూపినచో కారణమును వ్రాతమూలముగ నీయవలెను. చెప్పక దాచినచో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము కలదు, 1915 నంబరు కలదు. రసీదు భద్రపరచి అడుగుడు. అడుగనివానికి తూము తెరువబడదు.