అప్పు చేసి కట్టే సమాధి

మొన్న సాయంత్రం మన సంఘంలోని ఒక సహోదరి వచ్చి, "అయ్యగారూ, ఆయన సమాధికి గ్రానైట్ వేయిద్దామనుకుంటున్నానండి. నూటికి మూడు రూపాయల వడ్డీకి డబ్బు ఇస్తామన్నారు. మామూలుగా వదిలేస్తే నలుగురూ ఏమనుకుంటారు?" అని అడిగింది. ఆమె భర్త కౌలు రైతు. పిల్లలిద్దరూ ఇంకా చదువుకుంటున్నారు. వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

చైనాలో లియు షెంగ్ అనే రాజు క్రీ.పూ. 113లో చనిపోయాడు. జేడ్ రాయి బిళ్ళలు 2,498 బంగారు తీగతో కుట్టి, తల నుంచి పాదాల దాకా ఆయనకు తొడిగారు. ఆ రాయి చెడదు కనుక లోపలి దేహమూ చెడదని వారి నమ్మకం. 1968లో ఆ సమాధి తెరిచారు. రాళ్ళు ఉన్నాయి. దేహం మాత్రం మట్టిలో కలిసిపోయింది.

అంత దూరం ఎందుకు? మన భట్టిప్రోలు సంగతి చూడండి. తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే రైల్లో ఎన్నోసార్లు దాటిన ఊరే. 1892లో అలెగ్జాండర్ రే అక్కడి స్తూపం తవ్వితే రాతి పెట్టెలు, వాటిలో స్ఫటికపు భరిణెలు, బంగారు పూలు, ముత్యాలు బయటపడ్డాయి. బుద్ధుని అస్థికల కోసం చేయించినవి అవి. రెండు వేల ఏళ్ళ కిందటి ఆ బంగారం కంటే పెట్టెల మీది రాతలే నన్ను ఆపాయి. ఒక పెట్టె చేయించింది కుర తండ్రి, కుర తల్లి, కుర, శివ. ఆ తల్లిదండ్రుల సొంత పేర్లు అక్కడ లేవు. మన ఊళ్ళో "ఫలానావాడి అమ్మ" అని పిలుచుకున్నట్టే లేదూ! మిగిలిన రాతల్లో వరుసగా ఎందరివో పేర్లు, 'గోఠి' అనే మాట. మనం ఇప్పటికీ గోష్ఠి అంటున్నామే, అదే.

వాళ్ళూ బంగారం పెట్టారు, కాదనను. కానీ ఆ భారం ఒక్క ఇంటి మీద పడలేదు. పదిమందీ కలిసి మోశారు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. చనిపోయినవారిని గౌరవించాల్సిందే. ఆ గౌరవం ఒక విధవరాలి మెడకు వడ్డీగా చుట్టుకోకూడదు. పెట్టె ఖర్చు, గుంట కూలి, పేరు చెక్కిన ఒక చిన్న పలక సంఘమంతా పంచుకోవాలి. ఉన్నవారికీ లేనివారికీ ఒకే రకం పలక. అప్పుడు "నలుగురూ ఏమనుకుంటారు" అనే మాటే ఉండదు. ఎందుకంటే ఆ నలుగురం మనమే.

ఆదివారం ఆరాధన తర్వాత ఈ మాట కమిటీలో పెడుతున్నాను. అప్పటిదాకా ఆ డబ్బు తీసుకోవద్దమ్మా అని ఆమెకు చెప్పి పంపాను. నా మాట నిలబెట్టాల్సింది మీరే.