కానుగనూనె – డీజిల్ యంత్రం

1900వ సంవత్సరంలో పారిస్ మహాప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ యంత్రం వేరుసెనగనూనెతో నడిచింది. అది ఎంత సాఫీగా నడిచిందంటే, అందులో పోసినది నేలనూనె కాదని గుర్తించినవారు బహు కొద్దిమంది. ఈ సంగతిని ఆ యంత్ర సృష్టికర్త రుడాల్ఫ్ డీజిల్ అనంతరకాలంలో స్వయంగా వెల్లడించాడు. పెట్రోలియం చౌకగా లభించినంతకాలం ఆ ప్రయోగాన్ని లోకం మరచింది.

అయితే నేటి వాహనాలలో పచ్చినూనెను పోయడం అవివేకం. నూనె చిక్కనిది. ఇంధనాన్ని చిమ్మే సన్నని రంధ్రాల నుండి అది తుంపరగా వెలువడదు. సగం కాలి మసిగా పేరుకొని యంత్రాన్ని పాడుచేస్తుంది. అందుచేత నూనెను మిథనాల్‌తోనూ క్షారంతోనూ కలిపి, గ్లిసరిన్‌ను వేరుచేసి, పలుచని బయోడీజిల్‌గా మార్చాలి. దీనిని ఐదు పాళ్ళు కలిపి 2002 డిసెంబరు 31న ఢిల్లీ–అమృత్‌సర్ శతాబ్ది ఎక్స్‌ప్రెస్‌ను నడిపారు. రైలు నడవడం కష్టం కాలేదు. నూనె ఎక్కడి నుండి రావాలన్నదే అసలు చిక్కు.

వంటనూనెల అవసరంలో సగానికి పైగా దిగుమతి చేసుకొనే దేశం వేరుసెనగను యంత్రాలకు పోయడం న్యాయం కాదు. అందుకే ప్రణాళికా సంఘం 2003లో అడవి ఆముదంపై ఆశలు పెట్టుకొంది. బంజరు భూములలో, నీరు లేకున్నా అది పండుతుందని ప్రచారం సాగింది. మొక్క బ్రతికిన మాట నిజమే. కానీ బ్రతకడం వేరు, కాయడం వేరు. నీరూ ఎరువూ లేనిచోట కాపు నామమాత్రం. 2017 నాటికి ఇరవై శాతం కలపాలన్న 2009 నాటి లక్ష్యం నెరవేరలేదు. 2018 విధానం బయోడీజిల్ వరకు ఆ లక్ష్యాన్ని 2030 నాటికి ఐదు శాతానికి కుదించింది. చేదు నిజాన్ని ఒప్పుకోవడం మంచిదే.

ఇంతకంటె వినయంగా మొదలైన ప్రయత్నం పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోని పవర్‌గూడలో జరిగింది. అక్కడి గిరిజన మహిళలు కానుగ గింజల నుండి నూనె తీశారు. కానుగనూనె చేదు, వంటకు పనికిరాదు కనుక ఎవరి కంచంలోని కూడునూ అది లాగుకోదు. పిండి పొలానికి ఎరువు; చెట్టు వేళ్ళు భూమికి నత్రజనిని చేరుస్తాయి. ఆ నూనె వాడకం వలన రాబోయే కాలంలో తగ్గగల 147 టన్నుల బొగ్గుపులుసు వాయువుకు వెలకట్టి, ప్రపంచబ్యాంకు 2003లో ఆ పల్లెకు 645 డాలర్లు చెల్లించింది. నాటి లెక్కన అది ముప్పైవేల రూపాయలకు మించదు. మొత్తం చిన్నదే కావచ్చు. కాని చెట్టునూ గానుగనూ తమ అధీనంలో ఉంచుకొన్నవారికే అది దక్కింది. పెద్ద ప్రణాళికలలో కొరవడినది ఇదే.

పట్టణాలలో మరొక వనరు ఉంది. పదేపదే కాగిన వంటనూనె ఆరోగ్యానికి చేటు. అటువంటి నూనెను సేకరించి బయోడీజిల్‌గా మార్చే పథకాన్ని ఆహార భద్రతా సంస్థ 2018లో చేపట్టింది. అయినా బజ్జీల బండి మీది నల్లని నూనె మరల మూకుడులోకే పోతున్నది. కొన్నవారు వచ్చి మంచి ధర ఇస్తే తప్ప ఏ వ్యాపారీ దానిని వదులుకోడు. ఇక ఊరి బాటల వెంట ప్రతి వేసవిలోనూ కానుగకాయలు రాలి, డీజిల్ బండ్ల చక్రాల క్రిందనే నలిగిపోతున్నాయి.