గేటు దగ్గర కొత్త మొహం

మా ఊరి హైస్కూల్లో ఒక అటెండరు ఉండేవారు. గంట కొట్టేది ఆయనే, గేటు చూసేదీ ఆయనే. ఒక మధ్యాహ్నం ఎవరో వచ్చి ఆరో తరగతి అమ్మాయి పేరు చెప్పి, "మేనమామని, ఇంటికి తీసుకెళ్తా" అన్నాడు. "మీ అక్క పేరేంటి బాబూ?" అని అడిగారాయన. అతను తడబడ్డాడు. గేటు తెరుచుకోలేదు. ఆ పిల్ల తల్లికి అన్నదమ్ములే లేరని ఆయనకి ముందే తెలుసు.

ఎక్కడైనా ఏదైనా జరిగితే చాలు, ప్రభుత్వ బళ్లకి ఏజెన్సీ గార్డుల్ని పెట్టేయండి అంటారు. కాపలా వద్దని నేననను. వరండాలో మందు సీసాలు ఏరి పాఠం మొదలుపెట్టే టీచర్లు నాకు తెలుసు. కానీ ఏజెన్సీతో ఒప్పందం తలల లెక్కన. షిఫ్టుకి ఒకరు, అంతే. ఆ ఒక్కరూ ఎవరన్నది ఎవరికీ పట్టదు. మా అపార్ట్‌మెంటులో ఈ ఏడాది ఇది నాలుగో గార్డు. రోజూ నన్నే "ఏ ఫ్లాటు సార్?" అంటాడు. అతని తప్పేం లేదు, వచ్చే నెల మియాపూర్‌లో ఏ షోరూం ముందో ఉంటాడు. నేనైతే నవ్వుకుని లోపలికి పోతాను. మూడొందల మంది పిల్లలున్న గేటు దగ్గర నవ్వుకోగలమా?

తక్కువకి కోట్ చేసినవాళ్లకే టెండరు. కోత పెట్టడానికి మిగిలేది గార్డు జీతమే. అది చాలకపోతే మనిషి నిలవడు.

శిక్షణ ఇస్తారు కదా అంటారు. 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద 2006లో కేంద్రం నమూనా నిబంధనలిచ్చింది. 100 గంటల క్లాసు, 60 గంటల ఫీల్డు శిక్షణ. అందులో మంటలార్పడం, గుంపుని అదుపు చేయడం, ఆఖరికి బ్యాడ్జీ చూసి పోలీసు హోదా పోల్చుకోవడం కూడా ఉండేది. పిల్లల గురించి ఒక్క ముక్క ఉండేది కాదు!

ఆంధ్రప్రదేశ్‌లో నాడు-నేడుతో బళ్లు బాగుపడ్డాక నైట్ వాచ్‌మన్లని పెట్టారు. నెలకి 6,000 గౌరవ వేతనం. (జీతం ఇవ్వనప్పుడే ఈ గౌరవం గుర్తొస్తుంది.) కనీసం వాళ్లు ఆ ఊరివాళ్లు. కానీ వాళ్లు కాసేది టీవీల్ని, ఫ్యాన్లని. పిల్లలు ఉండేది పగలు.

ఏదైనా జరిగితే మొదట దొరికేదీ ఈ చిన్న ఉద్యోగే. 2017లో గురుగ్రామ్‌లో ఒక ప్రైవేటు బడిలో ఏడేళ్ల పిల్లాడు హత్యకి గురైతే పోలీసులు బస్సు కండక్టర్ని పట్టుకెళ్లారు. రోజుల్లోనే సీబీఎస్‌ఈ సర్క్యులర్ వచ్చింది: డ్రైవర్లు, కండక్టర్లు, ప్యూన్లకి మానసిక పరీక్షలు మరీ జాగ్రత్తగా చేయాలని. తర్వాత సీబీఐ అదే బడిలోని పెద్ద క్లాసు విద్యార్థిని అదుపులోకి తీసుకుంది. కండక్టరుకి హత్యతో సంబంధం లేదని తేలింది.

నేనడిగేది పాతదే. ప్రతి హైస్కూలుకీ పగటిపూట గేటు దగ్గర ఒక పర్మనెంటు పోస్టు. ఆ ఊరి మనిషి, పూర్తి జీతం, పీఎఫ్. డబ్బుల్లేవంటారా? మరి ఏజెన్సీకి సర్వీసు ఛార్జీ ఎక్కణ్ణించి వస్తుంది?

మా అటెండరు రిటైరయ్యాక ఆ పోస్టు మళ్లీ నింపలేదు. మొన్న ఊరెళ్లినప్పుడు బడికి వెళ్లాను. గేటుకి తాళం. తట్టగానే ఎనిమిదో తరగతి పిల్లాడు పరిగెత్తుకుంటూ వచ్చి తీశాడు. నేనెవరో అడగలేదు.