మురుగుమడ్డి యెరువగునా?

పట్టణములతోపాటు వాని మురుగును పెరుగుచున్నది. మురుగునీటిని శుద్ధిచేసిన పిమ్మట అడుగున నిలుచు మడ్డి నేమిచేయుట యన్న ప్రశ్నకు నగరపాలకులు కొందఱు సులభమగు సమాధాన మొకటి చెప్పుచుందురు: అది యెరువు, రైతున కుచితముగా నిండు! ఉచితముగా వచ్చు వస్తువును గూర్చి రైతు ప్రశ్న లడుగరాదని కాబోలు వారి తలంపు. మే మడుగుచున్నాము.

మడ్డిలో నత్రజని కలదు, భాస్వరము కలదు, కాదనము. ఇండ్లనుండి మాత్రమే వచ్చిన మురుగైనచో, క్రిములు చచ్చునట్లు పక్వపఱచి పొలమునకు తోలుట తప్పుగాదు. కాని మన మహానగరములలో ఇంటి మురుగు, కర్మాగారపు మురుగు ఒక్క కాలువలో కలియుచున్నవి. లోహపుపూత పనివారి క్రోమియము, నికెలు, బ్యాటరీలవారి సీసము, కాడ్మియము అందు చేరును. శుద్ధికేంద్రమందలి సూక్ష్మజీవులు మలమును తినగలవు గాని సీసమును తినలేవు. లోహములలో పెక్కుభాగము మడ్డి నంటుకొని క్రిందికి దిగును. నీరు తేటపడును, అధికారి సంతోషించును. మడ్డి కుళ్ళి తగ్గినకొలది అందలి లోహముల పాలు హెచ్చును. ఎండబెట్టినను, కంపోస్టు చేసినను సీసము సీసమే.

హైదరాబాదు సంగతి చూడుడు. పటాన్‌చెరువు కర్మాగారముల వ్యర్థజలమును కొంత శుద్ధిచేసి, 18 కిలోమీటర్ల గొట్టముద్వారా నగరపు మురుగుకాలువలో కలిపి, అంబరుపేట కేంద్రమునకు పంపు నేర్పాటు జరిగినది. దినమునకు 33 కోట్ల 90 లక్షల లీటర్ల మురుగును శుద్ధిచేయుటకై కట్టిన కేంద్రమది. అంత నీటిలో విషము పలుచనగు నని వాదము. నీటిలో పలుచనైన లోహము మడ్డిలో మరల చిక్కనగు నను మాటకు ఆ వాదమున చోటు లేదు.

ఇట్టి మడ్డికి చోటు వెదకువారి చూపు చవుక భూములపైన, నోరులేని జనులపైన పడుట లోకరీతి. కావుననే మన్యమును గూర్చి ముందుగా హెచ్చరించుచున్నాము. ఆమ్లగుణముగల కొండనేలలలో కాడ్మియము కరగి పైరువేళ్ళకు సులభముగా నందును. వాలుభూమిపై చల్లిన మడ్డి తొలివానకే వాగులలోనికి దిగును. గోస్తని అనంతగిరి కొండలలో పుట్టి, బొఱ్ఱాగుహల మీదుగా పాఱి, తాటిపూడి జలాశయముచేరి, విశాఖపట్టణమునకు త్రాగునీ రగుచున్నది. పట్టణము కొండ కెక్కించినది పట్టణపు కడవలోనికే దిగివచ్చును.

అరకు ఆదివాసులు నీడచెట్ల క్రింద, మిరియపుతీగెల నడుమ పండించు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. సేంద్రియపు పంట యను పేరే దానికి దూరదేశములలో ధర తెచ్చుచున్నది. అమెరికాలో సేంద్రియ నియమముల ముసాయిదా 1997లో వెలువడినప్పుడు, మురుగుమడ్డికి తలుపు తెఱచుచున్నారని జనులు మండిపడిరి. రెండున్నర లక్షలకు పైగా అభిప్రాయములు వచ్చి పడినవి. 2000లో ఖాయమైన నియమములు మడ్డిని నిషేధించినవి. ఒక్క బండెడు మడ్డి చాలును, అరకు కాఫీకి ఆ పేరు పోవుటకు. అప్పుడు నష్టపోవువాడు మడ్డి తోలిన కంట్రాక్టరు కాడు.

నేలకెక్కిన లోహమును దింపుట యెంత కష్టమో జపాను నడుగుడు. తొయామా సీమలో గనినుండి జింజూనదిలో చేరిన కాడ్మియము వరిపొలముల కెక్కి, జనుల యెముకలను గుల్లచేసినది. రోగులు "నొప్పి, నొప్పి" యని యఱచిన యఱపే ఆ వ్యాధికి పేరైనది. ప్రభుత్వము 1968లో కారణమును అంగీకరించినది. 1979లో మొదలిడిన భూశుద్ధి 2012 నాటికి గాని ముగియలేదు.

చట్టము లేదందురా? ఎరువుల నియంత్రణోత్తర్వు ప్రకారము పట్టణపు కంపోస్టు కిలోలో కాడ్మియము 5 మిల్లీగ్రాములు, సీసము 100, పాదరసము 0.15 మించరాదు. షెడ్యూల్డు ప్రాంతముల గ్రామసభ తన సాముదాయిక వనరులను కాపాడుకొనజాలునని 1996 నాటి చట్టము చెప్పుచున్నది. కాగితమున నున్నదానిని కాలువకడ అమలు జరుపుడు. కర్మాగారము తన నీటికి సున్నము కలిపి లోహములను తన గుమ్మములోనే దింపుకొని, ఆ మడ్డిని ప్రమాదకర వ్యర్థముల గోతికి తన ఖర్చున పంపవలయును. శుద్ధికేంద్రము ప్రతి రాశిని పరీక్షించి, ఫలితమును తెలుగున ప్రకటింపవలయును. పరీక్షాపత్రము, గ్రామసభ తీర్మానము రెండును లేని మడ్డిబండి అనంతగిరి కనుమ నెక్కరాదు.